కంచమునుండి నోటివఱకు

తన చేతితో తాను భోజనము చేయుట మనుష్యునకు ఎంత సహజమైన కార్యమో, ఆ చేయి స్వాధీనము తప్పినవానికి రాజ్యము భత్యమీయ బూనినప్పుడు, భోజనమన్నది ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునని నిర్ణయించుట అంత క్లిష్టమైన వ్యవహారము. పొయ్యికడనే మొదలగునా, వడ్డించిన కంచముకడనా, లేక ముద్ద పెదవులను తాకునప్పుడు మాత్రమేనా యని బ్రిటను దేశమునందలి న్యాయస్థానములు అర్ధశతాబ్దమునకు పైగా తర్కించుచునే యున్నవి. ఆ దేశపు శాసనములలో నేడు కానవచ్చు సరిహద్దులను గీచినవారు పార్లమెంటు సభ్యులు మాత్రమే కారు. తమకు భత్యము లేదని కార్యాలయమునుండి వచ్చిన జాబును చదివి ఊరకుండక అప్పీలు చేసిన వృద్ధులును, రోగులును, అంధులును గూడ ఆ గీతలలో భాగస్వాములు. వారిలో కొందఱు ఓడిపోయిరి. చిత్రమేమనగా ఓడినవారి వ్యాజ్యములే తరువాతి శాసనములకు ఎక్కువగా దారితీసినవి.

యుద్ధములో అవయవములు కోల్పోయిన సైనికునకును, 1946 నాటి శాసనము ననుసరించి కర్మాగారములో గాయపడిన కార్మికునకును, నిరంతర పరిచర్య కావలసినచో అదనపు సొమ్ము లభించుచుండెను. కాని పుట్టుకతోనే వికలాంగుడైనవానికిగాని, ఉద్యోగము చేయక చందా చెల్లింపని గృహిణికిగాని అట్టి హక్కు లేకుండెను. దేహము ఒకే విధముగా చచ్చుబడినను, అది చచ్చుబడిన చోటునుబట్టి దయ మాఱుచుండెనన్నమాట. ఈ అన్యాయమును లోకమునకు తెలియజేసినవారు ఇరువురు గృహిణులు. మెగన్ డ్యు బోయిసన్, బెరిట్ మూర్ అను ఆ స్త్రీలు 1965లో గార్డియన్ పత్రికకు జాబు వ్రాసి, డిసేబుల్‌మెంట్ ఇన్‌కమ్ గ్రూపు అను సంఘమును స్థాపించిరి. నరములను క్రమముగా క్షీణింపజేయు మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధితో బాధపడుచునే ఉద్యమమును నడపిన డ్యు బోయిసన్, 1969లో ఆ సంఘపు సభకు పోవుచు మోటారు ప్రమాదములో మరణించెను. తాను కోరిన దానిలో ఒక భాగమైనను శాసనమగుట ఆమె కన్నులతో చూడలేదు. లేబరు ప్రభుత్వమున క్రాస్‌మన్ మంత్రిగా నున్నప్పుడు అట్టివారికై ప్రతిపాదింపబడిన పరిచర్య భత్యము 1970 ఎన్నికలలో ఆ ప్రభుత్వముతోబాటు పడిపోయి, తరువాత వచ్చిన కన్సర్వేటివుల చేతిమీదుగా ఆ యేడే శాసనమై, 1971 డిసెంబరునుండి అటెండెన్స్ అలవెన్సు అను పేర చెల్లింపునకు వచ్చెను. తొలుత పగలును రాత్రియు గూడ ఇతరుల సాయము కావలసినవారికే అది లభించెడిది. పగలు మాత్రమో రాత్రి మాత్రమో సాయము కావలసినవారికి తక్కువ రేటు 1973లో చేర్చబడెను.

శరీర వ్యాపారములకు సంబంధించి పగటియందు తఱచుగా పరిచర్య కావలసియుండవలెనని శాసనము చెప్పెను. అర్హతను నిర్ణయించు అధికారము వైద్యులు ప్రధానముగాగల ఒక బోర్డునకు దత్తమయ్యెను. ఆ బోర్డు తీర్పుపై అప్పీలు న్యాయసూత్రమునకు సంబంధించిన ప్రశ్నపై తప్ప, వాస్తవములపై కుదరదు. అనగా, నా చేయి వణకుచున్నదని వాదించుటకు అవకాశము లేదు. వణకు చేతిని గూర్చి మీరు శాసనమును తప్పుగా చదివితిరని మాత్రమే వాదింపవలెను. బహుశః ఈ ఇఱుకు ద్వారముననే వ్యాజ్యములన్నియు శాసన వాక్యమును తరచి చూచుటవైపు మఱలినవి.

1981లో తన వంట తాను చేసికొనలేని ఒక వృద్ధురాలి విషయము అప్పీలు కోర్టునకు వచ్చెను. ఆ కోర్టు న్యాయాధిపతి లార్డ్ డెనింగ్ శరీర వ్యాపారములను ఒకటొకటిగా లెక్కించెను: శ్వాసించుట, వినుట, చూచుట, తినుట, త్రాగుట, నడచుట, నిద్రించుట, బట్టలు కట్టుకొనుట మొదలగునవి. వంట మాత్రము వానిలో చేరదనెను. అది భార్యయో కూతురో ఇంటి పనిలో భాగముగా చేయునది, ఒకరు చేసి ఇంటిల్లిపాది తినునది. కనుక అది శరీరమునకు కాక గృహమునకు సంబంధించినదని ఆయన తీర్మానము. తర్కమునకు ఇది పొందికగానే యున్నది. కాని అట్టి భార్యయో కూతురో లేని ఒంటరివారును ఉందురు గనుక, అందఱికిని వారున్నట్లు భావించుకొని తీర్పు చెప్పుట న్యాయాధిపతి స్వగృహపు అలవాటును శాసనముగా మార్చుట కాదా యని నాకు సందేహము. మూడేండ్లకు మఱియొక వ్యాజ్యములో, నాడు తుది అప్పీలు న్యాయస్థానమైన లార్డ్స్ సభయు వంటను వెలుపలనే నిలిపెను. ముద్దను నోటికందించువాడు పరిచారకుడు. ఆ ముద్దను వండినవాడు కాడు.

ఓడిన ఆ వాదమే 1992లో వేఱు రూపమున జయించెను. ఆ ఏప్రిలునుండి అమలులోనికి వచ్చిన డిసెబిలిటీ లివింగ్ అలవెన్సులో పార్లమెంటు వంట పరీక్షను చేర్చెను: కావలసిన దినుసులు చేతికందియున్నను తనకొక్కనికి ప్రధాన భోజనము వండుకొనలేని పదునాఱేండ్లు నిండినవానికి అతి తక్కువ రేటున భత్యము. న్యాయమూర్తులు వాకిట నిలిపిన పొయ్యిని శాసనకర్తలు ఇంటిలోనికి తెచ్చిరి. అయినను అటెండెన్స్ అలవెన్సు పొందు వృద్ధులకు ఈ పరీక్ష వర్తింపదు, వారికి వంట నేటికిని వెలుపలిదే. 2003లో లార్డ్స్ సభ ఈ పరీక్షను వివరించుచు, ఇది ఊహామాత్రమైన కొలత యనియు, ఆ మనిషి నిజముగా వండుకొనుచున్నాడా యన్నది ప్రశ్న కాదనియు, వారములో కొన్ని దినములు చేతకానంతమాత్రమున మొత్తముమీద అశక్తుడని చెప్పవలసిన పని లేదనియు లార్డ్ హాఫ్‌మన్ నోట పలికించెను. కీళ్లనొప్పులవలె పూటకొక విధముగానుండు వ్యాధులుగలవారికి ఈ తీర్పు పెద్ద దెబ్బ.

పనిచేయు వయస్సువారికి ఆ అలవెన్సు స్థానమున 2013లో వచ్చిన పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంటు, సంక్షేపముగా పిప్, ఈ తర్కములన్నింటిని పాయింట్ల పట్టికగా మార్చెను. వంటకొక పట్టిక, తినుటకొక పట్టిక. ఆహారమును ముక్కలుగా కోయుటకు ఒకరి సాయము కావలసినచో 2 పాయింట్లు. తినుమని ఒకరు ప్రోత్సహింపవలసినచో 4. గొట్టముద్వారా పోషణ పొందుచు, దానిని నడపుటకు సహాయము కావలసినచో 6. అన్నపానములను నోటివఱకు చేర్చలేక మఱియొకరు చేర్చవలసినచో 10. దినచర్యకు సంబంధించిన భత్యము సామాన్యపు రేటున రావలెనన్న 8, హెచ్చు రేటున రావలెనన్న 12 పాయింట్లు కావలెను. కావున ఇతరుల చేతిముద్ద లేనిదే బ్రదుకలేనివాడు సైతము, తినుట యొక్కదానితోనే హెచ్చు రేటును అందుకొనజాలడు. మఱియొక పనిలో కూడ అశక్తుడనని నిరూపింపవలెను. వంట పట్టికలోని నిర్వచనము ఇంకను విచిత్రము: వంటయనగా నడుము ఎత్తునగాని దాని పైనగాని ఆహారమును వేడిచేయుట. వంగి ఓవెనులోనుండి పళ్లెమును తీయలేకపోవుట లెక్కకు రాదు.

తినుట యనగా కోయుట, నోటికి చేర్చుట, నమలుట, మ్రింగుట యని ఆ నిబంధనలు చెప్పుచున్నవి. కత్తియు ఫోర్కును పట్టి తిను జాతి వ్రాసికొన్న నిర్వచనమిది. బ్రిటనులో కాపురమున్న ఒక తెలుగు గృహిణి పప్పు అన్నము కలుపుకొని తినునప్పుడు కోయుటయన్న ప్రశ్నయే పుట్టదు. ఆమె వ్రేళ్లు వంగక ముద్ద చేయలేకపోయినచో, కలుపుటను ఆ పట్టికలో ఏ గడిలో చేర్తురో చెప్పుట కష్టము. నోటికి చేర్చుటలో అదియు నొక అంగమని వాదింపవలసినదే.

ఇక వాదించుటను గూర్చి. కార్యాలయపు నిర్ణయము నచ్చనివాడు ఒక నెలలోపల భత్యమును నిర్వహించు ప్రభుత్వ శాఖనే పునఃపరిశీలన కోరవలెను. 2013కు పూర్వము నేరుగా ట్రిబ్యునలునకు పోవుటకుండిన దారి మూయబడెను. అటుపిమ్మటనే స్వతంత్ర ట్రిబ్యునలు: ఒక న్యాయాధిపతి, ఒక వైద్యుడు, వికలాంగుల అవసరములు ఎఱిగిన ఒక సభ్యుడు. ఈ త్రయము 1992 నాటి ఏర్పాటు. పాత వైద్యుల బోర్డుకంటె ఎంతయో మేలు. ఆ 2013లోనే ఇట్టి అప్పీళ్లకు ఇంగ్లండు, వేల్సులందు ప్రభుత్వ న్యాయసహాయము తొలగింపబడెను గనుక, వాది స్వయముగానో, సలహా సంస్థల ఆసరాతోనో నిలువవలెను. అయినను విచారణకు పోయిన పిప్ అప్పీళ్లలో సగమునకు మించి వాదులకే అనుకూలముగా ముగియుచుండుట కార్యాలయపు తొలి నిర్ణయములను గూర్చి చాల చెప్పుచున్నది.

అచ్చట వాదికి ఆయుధము ఒక చిన్న నిబంధన. ఒక పని చేయగలడనవలెనన్న, దానిని సురక్షితముగా, అంగీకార్యమైన రీతిలో, కావలసినన్ని మార్లు, సామాన్యునకు పట్టు గరిష్ఠ కాలమునకు రెట్టింపు మించకుండ చేయగలిగియుండవలెను. సంవత్సరములో సగముకంటె ఎక్కువ దినములు ఇబ్బంది యుండిన చాలును. 2003 నాటి తీర్పుచే నష్టపోయినవారికి ఈ దినముల లెక్క కొంత ఊఱట. కావున అనుభవజ్ఞులైన సలహాదారులు, తినగలనా లేనా యని వ్రాయకుడు, ఎంతసేపు పట్టినది, ఎంత ఒలికినది, ఎన్నడు ఉక్కిరిబిక్కిరియైనది, ఎవరు ప్రక్కన కూర్చుండిరి యని పూటపూటకు వ్రాసి యుంచుడని చెప్పుదురు. ఒక మెలకువ గూడ కలదు. ట్రిబ్యునలు విచారణనాటి స్థితిని చూడదు. శాఖ నిర్ణయము వెలువడిన దినమున ఆ చేయి ఎట్లుండెనో దానినే చూచును. నడుమ నెలలు గడచి వ్యాధి ముదిరినచో, ఆ ముదురుట ఈ అప్పీలునకు చెందదు, దానికి వేఱుగా మఱల కాగితములు పెట్టుకొనవలెను.