అనస్థీషియాలజిస్ట్స్ మాన్యువల్ ఆఫ్ సర్జికల్ ప్రొసీజర్స్

అనస్థీషియాలజిస్ట్స్ మాన్యువల్ ఆఫ్ సర్జికల్ ప్రొసీజర్స్ అనునది మత్తు వైద్యులకు ఉద్దేశింపబడిన ఒక ఆంగ్ల ఆకర గ్రంథము. ఇది శస్త్రచికిత్సలను ఒక్కొక్కటిగా తీసుకొని, అందులో శస్త్రవైద్యుడు ఏమి చేస్తాడో, దానిని బట్టి మత్తు వైద్యుడు ఏమి సిద్ధము చేసుకోవాలో ఒకేచోట తెలుపుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు చెందిన రిచర్డ్ ఎ. జాఫ్, స్టాన్లీ ఐ. శామ్యూల్స్ దీనికి తొలి సంపాదకులు. మొదటి కూర్పు 1994లో వెలువడింది. మత్తు వైద్యములో శిక్షణ పొందు విద్యార్థులకు శస్త్రచికిత్సల గురించి తెలుపు పుస్తకములలో ఇది ప్రసిద్ధమైనది.

అవసరము

మత్తు వైద్యమునకు సంబంధించిన పాఠ్యగ్రంథములు చాలవరకు మందుల వారీగా, అవయవముల వారీగా లేదా రోగికి గల జబ్బుల వారీగా విభజింపబడి ఉంటాయి. ఆపరేషన్ థియేటరులో పని మాత్రము శస్త్రచికిత్సల వారీగా జరుగుతుంది. మరునాటి జాబితాను ముందురోజు సాయంత్రము చూసుకొనే విద్యార్థికి కొన్ని విషయములు వెంటనే తెలియాలి: రోగిని ఏ భంగిమలో పడుకోబెడతారు, కోత ఎక్కడ పెడతారు, ఎంతసేపు పడుతుంది, ఎంత రక్తము పోవచ్చు, తరువాత నొప్పి ఎంత ఉంటుంది. ఇవి శస్త్రచికిత్సా గ్రంథములలో ఉన్నా, ఆ గ్రంథములు కోత కోసే వైద్యుని కొరకు వ్రాయబడినవి.

ఈ అవసరము ఎంతటిదో కొన్ని ఉదాహరణల వలన తెలుస్తుంది.

* ప్రొస్టేటు గ్రంథిని మూత్రమార్గము గుండా తొలగించునపుడు, లోపల కడుగుటకు వాడే ద్రవము సిరలలోనికి చేరవచ్చు. గ్లైసిన్ వంటి ఉప్పులేని ద్రవము ఎక్కువగా చేరితే రక్తములో సోడియము తగ్గి రోగి తికమకపడవచ్చు, మూర్ఛలు కూడా రావచ్చు. వెన్నుకు మత్తు ఇచ్చి రోగిని మెలకువగా ఉంచితే ఈ మార్పు తొలిదశలోనే బయటపడుతుంది.
* థైరాయిడ్ ఆపరేషన్ తరువాత మెడలో రక్తము చేరి శ్వాసమార్గమునకు అడ్డు ఏర్పడవచ్చు. అప్పుడు ఆలస్యము చేయక కుట్లు విప్పవలసి ఉంటుంది.
* తుంటి కీలు మార్పిడిలో ఎముకకు సిమెంటు పట్టించు సమయమున రక్తపోటు, రక్తములోని ఆక్సిజన్ హఠాత్తుగా పడిపోవచ్చు.
* రోగిని కూర్చోబెట్టి మెదడు వెనుక భాగమునకు ఆపరేషన్ చేయునపుడు, తెరచుకొన్న సిరల గుండా గాలి గుండెకు చేరే ప్రమాదము ఉంది.

ఇవన్నీ శస్త్రచికిత్స జరిగే తీరు వలన కలిగే ప్రమాదములు. మందుల గురించి ఎంత చదివినా, ఆపరేషన్‌లో ఏ దశ ఎప్పుడు వస్తుందో తెలియని విద్యార్థి వీటికి ముందుగా సిద్ధపడలేడు.

నిర్మాణము

మెదడు, కన్ను, చెవి-ముక్కు-గొంతు, ఛాతీ, గుండె, ఉదరము, ప్రసూతి, మూత్రకోశము, ఎముకలు, పిల్లల శస్త్రచికిత్స మొదలగు విభాగములుగా ఈ గ్రంథము ఏర్పరచబడింది. ప్రతి శస్త్రచికిత్సకు రెండు భాగములు ఉంటాయి. మొదటి దానిలో శస్త్రవైద్యులు వ్రాసిన వివరణ, దాని సారాంశముగా ఒక పట్టిక ఉంటాయి. భంగిమ, కోత, ప్రత్యేక పరికరములు, యాంటీబయాటిక్, పట్టే సమయము, రక్తనష్టపు అంచనా, తరువాతి సంరక్షణ, మరణముల శాతము, ఉపద్రవములు, నొప్పి తీవ్రత ఆ పట్టికలో కనిపిస్తాయి. రెండవ భాగము మత్తు వైద్యులు వ్రాసినది. ఇందులో ఆపరేషన్‌కు ముందు, జరుగుచుండగా, తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలు ఉంటాయి. అన్ని ఆపరేషన్లకు సమానమైన మత్తు విధానములు అనుబంధములలో చేర్చబడ్డాయి.

చదువు విధానము

లాపరోస్కోపీ ద్వారా పిత్తాశయము తొలగించుట ఇందుకు మంచి ఉదాహరణ. ఉదరములోనికి కార్బన్ డయాక్సైడ్‌ను సాధారణముగా 12-15 మి.మీ. పాదరస పీడనము వరకు నింపుతారు. దీనివలన డయాఫ్రమ్ పైకి నెట్టబడి ఊపిరితిత్తులు కుంచించుకొంటాయి. వాయువు రక్తములోనికి చేరుతుంది కనుక కృత్రిమ శ్వాసను పెంచాలి. తలవైపు ఎత్తుట వలన గుండెకు తిరిగివచ్చే రక్తము తగ్గి రక్తపోటు పడిపోవచ్చు. ఆపరేషన్ అయిన తరువాత వాంతులు, భుజము నొప్పి సాధారణము. ఈ విధముగా పట్టికలోని ఒక్కొక్క అంశమునకు తాను చేయవలసిన పని ఏమిటో ప్రశ్నించుకొంటూ చదివితే విద్యార్థికి ఎక్కువ ప్రయోజనము కలుగుతుంది.

కూర్పులు

1994 తరువాత 1999, 2004, 2009, 2014 సంవత్సరములలో కొత్త కూర్పులు వచ్చాయి. అటుపిమ్మట ఆరవ కూర్పు వెలువడింది. తరువాతి కూర్పుల సంపాదకత్వములో క్లిఫర్డ్ ఎ. ష్మీసింగ్, బ్రెండా గోలియాను పాలుపంచుకొన్నారు.

ఇతర గ్రంథములతో పోలిక

1981లో మొదట వెలువడిన మిల్లర్స్ అనస్థీషియా సమగ్ర పాఠ్యగ్రంథము. మూలసూత్రములకు అది ఆధారము. స్టోల్టింగ్ పేరుతో ప్రసిద్ధమైన అనస్థీషియా అండ్ కో-ఎగ్జిస్టింగ్ డిసీజ్ రోగికి ముందే ఉన్న జబ్బులను ప్రధానముగా తీసుకొంటుంది. బ్రిటన్ నుండి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ హ్యాండ్‌బుక్ ఆఫ్ అనస్థీషియా జబ్బులను, ఆపరేషన్లను రెండింటినీ క్లుప్తముగా చెబుతుంది. వెంట తీసుకొనిపోవుటకు వీలైనది. వేయి పుటలు మించిన జాఫ్ గ్రంథము గ్రంథాలయములోనో, విభాగపు గదిలోనో ఉంచుకొని చూడదగినది. మూలసూత్రములు తెలిసిన తరువాతనే ఇది ఉపయోగపడుతుంది కనుక దీనిని మొదటి పాఠ్యపుస్తకముగా ఎంచుకొనుట సరికాదు.

ఎంపికలో గమనించవలసినవి

* కూర్పు: తక్కువ ధరకు దొరికే పాత కూర్పులలో శస్త్రచికిత్సా వివరణలు చాలవరకు పనికివచ్చినా, మందుల సూచనలు మారి ఉండవచ్చు. ఉదాహరణకు, గుండెజబ్బు భయమున్న వారికి ఆపరేషన్ ముందు బీటా బ్లాకర్ మందులు కొత్తగా మొదలుపెట్టుట ఒకప్పుడు ప్రోత్సహింపబడింది. 2008లో ప్రచురింపబడిన పాయిస్ పరిశోధనలో మెటోప్రొలాల్ వలన గుండెపోట్లు తగ్గినా పక్షవాతము, మరణములు పెరిగినట్లు తేలింది. అట్లే, కండరముల సడలింపును తొలగించే సుగమడెక్స్‌కు అమెరికాలో అనుమతి లభించినది 2015లో. ఐదవ కూర్పు అంతకు ముందటిది.
* దేశము: ఇందులోని సమయము, రక్తనష్టము, యాంటీబయాటిక్ సూచనలు అమెరికా ఆసుపత్రుల అనుభవమును బట్టి వ్రాసినవి. భారతదేశములోని బోధనాసుపత్రులలో శిక్షణలో ఉన్న శస్త్రవైద్యులు కూడా ఆపరేషన్ చేస్తారు కనుక సమయము పెరగవచ్చు. యాంటీబయాటిక్‌కు ఆసుపత్రి నియమములే ప్రమాణము.
* పరిమితి: ఒకే ఆపరేషన్‌ను ఇద్దరు వైద్యులు రెండు విధములుగా చేయవచ్చు. పట్టికలోని అంకె సగటు రోగికి చెందినది. రోగి వయస్సు, రక్తహీనత, పూర్వపు ఆపరేషన్లు దానిని మార్చివేస్తాయి. అందుచేత రక్తము సిద్ధపరచుట, భంగిమ, కోత వంటి విషయములను ముందుగా శస్త్రవైద్యునితో మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఆ సంభాషణలో ఏమి అడగాలో తెలియజేయుటయే ఇటువంటి గ్రంథము యొక్క ప్రధాన ప్రయోజనము.

ఇవి కూడా చూడండి

* అనస్థీషియా
* శస్త్రచికిత్స
* లాపరోస్కోపీ