పల్లె సంఘంలో సహవాసం: ఒంగోలు బాప్టిస్టుల గురించి ఆధారాలు ఏం చెబుతున్నాయి?

తెలుగు బాప్టిస్టుల చరిత్ర అనగానే ఒక తేదీ, ఒక అంకె గుర్తుకొస్తాయి. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషన్ చరిత్రలన్నీ ఈ సంగతిని ఘనంగా చెప్పుకుంటాయి. అయితే ఆ రోజు ఏటిలోంచి గట్టెక్కి తమ పల్లెలకు వెళ్లిపోయినవాళ్లు ఆ తర్వాత సంఘంగా ఎలా బతికారు? ఎవరితో కలిసి తిన్నారు, కష్టమొస్తే ఎవరి గడప తొక్కారు, తగవులు ఎక్కడ తీర్చుకున్నారు? ఈ ప్రశ్నల మీద జరిగిన పని తక్కువ.

ఈ వ్యాసం ప్రతిపాదించేది ఒక్కటే. తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నిలబెట్టినవి పెద్ద సభలు కావు. వారం వారం తెచ్చిన కానుక, కలిసి పంచుకున్న ప్రభువు బల్ల, పెద్దల సమక్షంలో తీరిన తగవు, ఇళ్లల్లో జరిగిన ప్రార్థన కూడిక దాన్ని నిలబెట్టాయి. వీటిలో కొంత భాగం మాదిగ పల్లెల్లో అంతకుముందే ఉన్న కట్టుబాట్ల మీద లేచింది. ఆధారాలు ఈ మాటను చాలావరకు బలపరుస్తాయి. కులం, స్త్రీల స్థానం దగ్గరకు వచ్చేసరికి అవే ఆధారాలు సంఘాన్ని నిలదీస్తాయి కూడా.

ఆధారాలు, వాటి హద్దులు

మనకు దొరికే రాతల్లో ఎక్కువ భాగం మిషనరీలవి. నెల్లూరులో పనిచేసిన డేవిడ్ డౌనీ రాసిన మిషన్ చరిత్ర 1893లో వెలువడింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల జీవితం మీద రాసిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ 1899లో వచ్చింది. క్లౌ ఆత్మకథ ఆయన మరణానంతరం 1914లో అచ్చయింది. దాన్ని కూడా ఆయన చెప్పగా ఎమ్మాయే రాశారు.

ఈ పుస్తకాలను చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఇవి అమెరికాలో చందాలిచ్చే విశ్వాసులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కష్టాలూ విజయాలూ రెండూ కాస్త ఎత్తిచూపే అవకాశం ఉంది. ఇక, సామాజిక సువార్త ఉద్యమంలో పేరెన్నికగన్న వాల్టర్ రౌషెన్‌బుష్ ఎమ్మాకు స్వయానా సోదరుడు. 1914 నాటి పుస్తకం సంఘజీవితానికి ఇచ్చిన ప్రాధాన్యంలో ఒంగోలు పల్లెల వాస్తవం ఎంత, ఆనాటి అమెరికా ఆలోచన ఎంత అనేది విడదీసి చూడాలి. అందుకే ఒకే పుస్తకం ఆధారంగా నిలిచే సంగతుల కంటే, వేర్వేరు కాలాల రాతల్లో పదేపదే కనిపించే సంగతులకే ఇక్కడ ఎక్కువ విలువ ఇస్తున్నాను.

వీటిని సరిచూసుకోవడానికి పనికొచ్చేవి సంఘం చేతిరాతలో ఉన్న కాగితాలు: సభ్యత్వ పుస్తకం, మినిట్స్ పుస్తకం, కానుకల లెక్కలు. నేడు సంఘాల్లో కనిపించే ఆచారాలు కూడా కొంత దారి చూపుతాయి. కానీ ఇవాళ ఉన్నది నూట యాభై ఏళ్ల క్రితమూ ఇలాగే ఉందని అనుకోకూడదు.

చుట్టరికం మీద లేచిన సంఘం

క్లౌ 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. పట్టణం బయట పల్లెల్లో సువార్త పాకడానికి ముఖ్య కారకుడు యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగవాడు. క్రైస్తవం స్వీకరించకముందు యోగమార్గంలో గురుబోధ పొందినవాడు. చెప్పులు కుట్టే చోట, బంధువుల ఇళ్లల్లో, పెళ్లిళ్ల దగ్గర మాటలు సాగాయని ఎమ్మా పుస్తకం చెబుతుంది. ఒక మనిషి నమ్మితే అతని వెనక వియ్యంకుల ఊరు, మేనమామల ఊరు కదిలేవి. గురువు చుట్టూ చేరి తత్వం వినడం, రాత్రిపూట కలిసి పాడుకోవడం ఆ పల్లెలకు కొత్తకాదు.

పెద్దల వ్యవస్థా అంతే. మాదిగ పల్లెకు తనదైన పెద్దలున్నారు, పంచాయితీ ఉంది. పాశ్చాత్య సంఘ పద్ధతిని యథాతథంగా రుద్దకుండా ఈ పెద్దరికాన్ని సంఘ నిర్వహణలోకి తీసుకున్నట్టు క్లౌ ఆత్మకథ చెబుతుంది. ఇది ఆయన సొంతగా చెప్పుకున్న మాట గనుక కొంత తగ్గించి తీసుకున్నా, ఒక లెక్క దాన్ని సమర్థిస్తోంది. 1878లో వందల పల్లెల్లో చెల్లాచెదరుగా ఉన్న వేలమందిని నలుగురైదుగురు విదేశీయులు నడపడం కుదిరే పని కాదు. వెల్లంపల్లి రేవులో బాప్తిస్మమిచ్చింది కూడా క్లౌ కాదు. అభిషేకం పొందిన తెలుగు బోధకులు వంతులవారీగా నీళ్లలోకి దిగి ఆ పని చేశారు. ఎవరు సిద్ధంగా ఉన్నారో, ఎవరు లేరో ఆ పల్లెలు తిరిగే బోధకులకే తెలుసు.

మూడు కట్టడలు, ఊరి వెలి

సంఘంలో చేరేవారికి క్లౌ మొదట్లోనే మూడు కట్టడలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి పైకి మతనియమాలు. ఊరి ఆర్థిక వ్యవస్థలో పెట్టి చూస్తే వీటి బరువు తెలుస్తుంది. చచ్చిన పశువును మోసుకెళ్లడం, మోటకు తోలు బొక్కెన కుట్టడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడు వెట్టికి రావడం మాదిగల వంతు. అందుకు ప్రతిఫలం కళ్లంలో కొలిచే గింజలు. ఆదివారం రానన్నా, జాతర డప్పు పట్టనన్నా ఆ గింజలకే ఎసరు వచ్చేది. కొట్టడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం, కూలికి పిలవకపోవడం వంటి సంఘటనలు మిషన్ రాతల్లో పలు ఊళ్ల పేరిట నమోదయ్యాయి.

ఎంత తీవ్రంగా జరిగిందన్నది ఒక్కో ఊరికి మారి ఉండవచ్చు. కానీ ఒకే తీరు ఇన్నిచోట్ల కనబడటం కట్టుకథ అనడానికి వీల్లేదు. దీని నుంచి నేను తీసే నిర్ధారణ ఇది: ఊరి అండ పోయినచోట సంఘమే అండ కావాల్సి వచ్చింది. తోటి విశ్వాసి ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అని చూడటం ఆ తొలితరానికి బతుకు అవసరం.

కరువు, కాలువ

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. ఎన్నో పల్లెల జనం ఆ పనిలోకి వచ్చి, బోధకుల చేతికింద పనిచేసి, విరామవేళల్లో వాళ్ల మాటలు విన్నారు.

గంజి కోసం మతం మారారన్న విమర్శ అప్పుడే పుట్టింది. ఇక్కడ ఆధారం రెండువైపులా చూడాలి. సహాయం సాగినంతకాలం, దాదాపు 15 నెలలపాటు, ఒంగోలులో బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసమే వచ్చినవారైతే కరువు తీరాక వెళ్లిపోవాలి. వాళ్లు అప్పుడే వేలల్లో వచ్చారు. అలాగని కష్టకాలపు ఆదరణ మనసుల మీద పనిచేయలేదని ఎవరూ అనలేరు. పనిచేసే ఉంటుంది. ఆపదలో పక్కన నిలిచినవాణ్ని నమ్మడం మోసపోవడమూ కాదు, మోసగించడమూ కాదు.

బల్ల, కానుక, తగవు

బాప్టిస్టు సంఘానికి బిషప్పు లేడు. పసిపిల్లలకు బాప్తిస్మం లేదు. ఎదిగి, నమ్మి, సంఘం ముందు సాక్ష్యం చెప్పినవారికే నీటి బాప్తిస్మం. చేర్చుకోవాలా వద్దా అన్నది సంఘం తేల్చాలి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బాప్టిస్టులు అందులో కలవకుండా విడిగానే ఉన్నారు. ఒంగోలు, నెల్లూరు ప్రాంతపు సంఘాలు 1962 నుంచి తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశంగా నడుస్తున్నాయి. 1874లో కాకినాడలో మొదలైన కెనడా బాప్టిస్టు మిషన్ సంఘాలు ఉత్తర సర్కారు జిల్లాల్లో తమ సొంత సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ఈ పద్ధతికి నిత్యజీవితంలో పెద్ద ఫలితం ఉంది. ఊరి రచ్చబండ దగ్గర నిలబడే అర్హత కూడా లేని మనిషి, సంఘకూడికలో లేచి మాట్లాడి ఒక నిర్ణయంలో పాలుపంచుకున్నాడు. తాగుడు, భార్యను కొట్టడం, అప్పు ఎగ్గొట్టడం వంటి తగవులు పెద్దల ముందుకొచ్చేవి. తప్పు ఒప్పుకోనివారిని బల్లకు దూరం పెట్టేవారు. ప్రభువు బల్ల దగ్గర కూర్చోవాలంటే ముందు తోటివారితో సమాధానపడాలన్న పట్టింపు ఇప్పటికీ పల్లె సంఘాల్లో గట్టిగానే ఉంది.

కానుక సంగతి ఇంకా స్పష్టం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన తీసి ఆదివారం గుడికి తెచ్చే అలవాటు చాలా తెలుగు సంఘాల్లో ఉంది. మొదటి కాపు కూరగాయలు, కోడిగుడ్లు, పంట వచ్చాక కోతపండుగకు ధాన్యం తెస్తారు. ఇలాంటి చిన్న కానుకల విలువకు గట్టి రుజువు సముద్రానికి అవతల ఉంది. ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన తెలుగు బాప్టిస్టుల కోసం 1903లో జాన్ రంగయ్యను సేవకు పంపింది అమెరికా మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషన్ సొసైటీ. అందుకునే చేయి ఇచ్చే చేయి కూడా కాగలదని ఆ ప్రయాణం చూపింది.

స్త్రీలు, కులం: సహవాసానికి పరీక్ష

ఒంగోలులో సంఘం ఏర్పడకముందే, 1854 జనవరి 1న, అక్కడి కొండ మీద అయిదుగురు కలిసి ప్రార్థించారు; ఆ అయిదుగురిలో ముగ్గురు స్త్రీలే. వారిలో ఇద్దరు, జూలియా, రూతు, నెల్లూరు సంఘానికి చెందినవారు. ఆ తర్వాత గడప గడపకూ వెళ్లి చదువు, వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలు సంఘ విస్తరణకు ఎంత ముఖ్యులో జేమ్స్ ఎలీషా తానేటి 2013 నాటి గ్రంథం వివరంగా చూపుతుంది. నేడు కూడా జబ్బుపడిన వారింటికి ముందు వెళ్లేది, చావు ఇంట్లో ఆదరణ కూడికకు చాపలు పరిచేది, ఉపవాస ప్రార్థనలు నడిపేది స్త్రీల సమాజమే. కానీ పెద్దల జాబితా, అభిషేకం పొందినవారి జాబితా చూస్తే పురుషుల పేర్లే నిండి ఉంటాయి. పని ఒకరిది, పదవి ఒకరిది. ఈ తేడాను సంప్రదాయం పేరుతో దాటవేయడం న్యాయం కాదు.

కులం విషయంలోనూ నిజం చెప్పుకోవాలి. ఒంగోలు సంఘం చుట్టరికం దారిలో పెరిగింది గనుక దాదాపు పూర్తిగా మాదిగల సంఘమైంది. మాలలు ఎక్కువగా ఉన్న సంఘాలు వేరే ప్రాంతాల్లో, వేరే మిషన్ల కింద వచ్చాయి. పల్లెను ఏకం చేసిన బంధుత్వమే పక్క పేటతో గోడ కూడా అయింది. మాల, మాదిగ విశ్వాసుల మధ్య వియ్యం, కలిసి కూర్చునే బల్ల చాలాకాలం అరుదుగానే ఉన్నాయి. సహవాసం గురించి మనం చెప్పే ఏ మంచిమాటకైనా ఇది పక్కన నిలిచే గీటురాయి.

అంకెలు ఎందుకు చాలవు?

2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. సంఘాలకు హాజరయ్యేవారి సంఖ్య ఇంతకంటే ఎక్కువన్నది చాలామంది అంచనా. ఈ తేడాకు ఒక ముఖ్య కారణం చట్టంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. రాష్ట్రంలో అతనికి దక్కేది బీసీ-సీ వర్గం, ఒక శాతం రిజర్వేషన్. అందువల్ల విశ్వాసం ఒకచోట, ధ్రువపత్రం ఒకచోట ఉండే కుటుంబాలున్నాయి. బాప్తిస్మం పుస్తకంలో పేరు రాయించుకోవడానికి జంకేవారినీ, జనగణనలో వేరే మాట చెప్పినవారినీ నిందించడం తేలిక. వారిని ఆ ఇరుకులోకి నెట్టిన నియమాన్ని ప్రశ్నించడం న్యాయం. పరిశోధకుడికి మాత్రం దీని అర్థం ఒకటే: తలల లెక్కతో సంఘాన్ని కొలవలేం.

ముగింపు

ఆధారాలు అనుమతించినంత మేరకు ఇలా చెప్పవచ్చు. ఒంగోలు బాప్టిస్టు సహవాసాన్ని విదేశీయులు కట్టి ఇవ్వలేదు. మిషన్ ఆసరాతో, తమ బంధుత్వాన్నీ పెద్దరికాన్నీ పెట్టుబడిగా పెట్టి, ఊరి వెలినీ కరువునూ తట్టుకుని, పల్లెల్లోని పేదలు కట్టుకున్నారు. ఆకలి, అవమానం ఎదుర్కోవడంలో అది గట్టిగా నిలిచింది. పేటల మధ్య గోడను కూల్చడంలో, స్త్రీల సేవకు తగిన పదవి ఇవ్వడంలో వెనకబడింది. ఈ రెండు మాటల్లో దేన్ని వదిలేసినా చరిత్ర సగమే అవుతుంది.

దీన్ని ఇంకా గట్టిగా తేల్చగల ఆధారం మిషన్ గ్రంథాలయాల్లో కంటే సంఘాల బీరువాల్లో ఎక్కువగా ఉంది. పాత మినిట్స్ పుస్తకాలు, బాప్తిస్మ పట్టికలు, పిడికెడు బియ్యం లెక్కలు చెదపురుగులకు ఆహారమవుతున్నాయి. కాపరులకు, సంఘ కార్యదర్శులకు, స్త్రీల సమాజం పెద్దలకు నా మనవి: గుడికి సున్నం వేయించేటప్పుడు పాత కాగితాలు పారేయకండి. వాటిని ఫొటోలు తీయించి, రెండు మూడు చోట్ల భద్రపరచండి. పెద్దవయసు తల్లులు చెప్పే జ్ఞాపకాలను, వారి అనుమతితో, ఈ ఏడాదే రికార్డు చేయండి. వెల్లంపల్లి అంకె ఎవరో ఒకరు మళ్లీ రాస్తారు. మీ సంఘం ఎలా బతికిందో మీరు దాచిన కాగితాల నుంచే రాయగలరు.