బ్యాంకు సెలవు మనిషికా, కాగితానికా?

పండగొచ్చిన ప్రతిసారీ ఐటీ జనాల్లో వినపడే మాట ఒకటుంది. "బ్యాంకులకి సెలవంట, మనకి మాత్రం లేదు!" పక్కనున్నాయన వెంటనే "వాళ్ళది గవర్నమెంటు ఉద్యోగం కదండీ" అంటాడు. మరి ప్రైవేటు బ్యాంకులు కూడా అదే రోజు ఎందుకు మూస్తున్నట్టు? అసలు సంగతేంటంటే, బ్యాంకు సెలవు చట్టం ఉద్యోగి కోసం పుట్టింది కాదు, కాగితం కోసం పుట్టింది.

ప్రామిసరీ నోటు మీద ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ రోజుకి డబ్బు కట్టకపోతే మాట తప్పినట్టే. కిరాణా కొట్టు ఒకరోజు కట్టేస్తే నష్టం దాని యజమానికి. బ్యాంకు తనిష్టానికి తలుపులేస్తే మాత్రం ఆ రోజు గడువున్న కాగితాలన్నీ చిక్కులో పడతాయి. కాబట్టి ఆ రోజుని లెక్కలోంచి తీసెయ్యమని ముందు చట్టం చెప్పాలి.

ఇంగ్లండులో ఈ పని చేసినాయన సర్ జాన్ లబ్బక్. స్వయంగా బ్యాంకరు, పైగా పార్లమెంటు సభ్యుడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకి ఒకప్పుడు ఏడాదికి 33 దాకా సెలవులుండేవి. 1834లో వాటిని నాలుగుకి కుదించేశారు. 1871లో లబ్బక్ తెచ్చిన చట్టం ఇంగ్లండు, వేల్స్, ఐర్లండులకి ఈస్టర్ సోమవారం, విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, డిసెంబరు 26లను బ్యాంకు సెలవులుగా ప్రకటించింది. ఆ రోజు గడువు పడిన బిల్లు మర్నాడు కట్టొచ్చు. కొట్లూ ఫ్యాక్టరీలూ మూయాలని మాత్రం ఎక్కడా లేదు. కానీ బ్యాంకు మూస్తే వ్యాపారం ఎక్కడ నడుస్తుంది? మిగతావాళ్ళూ మెల్లగా మూశారు. జనం సరదాగా ఆగస్టు సెలవుకి 'సెయింట్ లబ్బక్ డే' అని పేరు కూడా పెట్టుకున్నారు.

పదేళ్ళకి మన దగ్గర నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 వచ్చింది. చెక్ బౌన్స్ కేసుల పుణ్యాన 138వ సెక్షన్ అందరికీ తెలుసు, సెలవుల సంగతి చెప్పే 25వ సెక్షన్‌ని ఎవరూ పట్టించుకోరు. గడువు సెలవునాడు పడితే దానికి ముందరి పనిరోజే గడువు అంటుందది. లబ్బక్ చట్టం తేదీని ముందుకి జరిపితే మనది వెనక్కి జరిపింది. బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో హాలిడే క్యాలెండర్ టేబులు చూసినవాళ్ళకి ఈ తేడా ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు :)

ఈ సెక్షన్ కింద సెలవు ప్రకటించే అధికారం కేంద్రానిది. 1957లో హోంశాఖ నోటిఫికేషన్‌తో దాన్ని మన రాష్ట్రానికి కూడా అప్పగించింది. అందుకే మన ప్రభుత్వాలు సెలవులకి రెండు రకాల ఉత్తర్వులిస్తాయి. ఆఫీసులకిచ్చేది మామూలు జీవో, బ్యాంకులకిచ్చేది ఈ చట్టం కింద నోటిఫికేషన్. బ్యాంకు సెలవులు రాష్ట్రానికో రకంగా ఉండటానికి కారణం ఇదే.

రెండో, నాలుగో శనివారాల సంగతీ ఇంతే. 2015 మేలో యూనియన్లూ బ్యాంకులూ ఒప్పందం చేసుకున్నాయి. అది సరిపోలేదు. ఆగస్టు 20న కేంద్రం 25వ సెక్షన్ కింద గెజిట్‌లో ప్రకటించాకే, సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. మిగతా శనివారాల కోసం 2024 మార్చిలో రెండు పక్షాలూ ఒప్పుకున్నా, మళ్ళీ ప్రభుత్వం దగ్గరికే వెళ్ళాల్సొచ్చింది. యజమానీ ఉద్యోగీ సరేననుకున్నా చాలని సెలవు ఇది!

మరి మనకి? మన కంపెనీ వారానికి ఐదు రోజులే అనాలంటే ఒక హెచ్చార్ మెయిలు చాలు. తీసెయ్యడానికీ అదే చాలు. అలా తీసెయ్యలేనివి కొన్నున్నాయి. 1974లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలు, సంస్థల సెలవుల చట్టం చేసింది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2తో పాటు కొన్ని పండగ సెలవులు జీతంతో ఇవ్వాలంటుందది. ఆ రోజు పని చేయిస్తే అదనపు జీతమో, బదులు సెలవో ఇవ్వాలి. పోలింగ్ రోజుకైతే ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షన్ ఉంది, 1996లో చేర్చారు. పని ఆగితే ప్రమాదమో, పెద్ద నష్టమో వచ్చే చోట తప్ప, ఓటున్న ఉద్యోగికి జీతంతో సెలవివ్వాలి. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకా. పెద్ద కంపెనీకి అది కాఫీ ఖర్చు కూడా కాదనుకోండి!

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుంచి ఆర్టీజీఎస్ రోజంతా, ఏడాదంతా నడుస్తున్నాయి. కాగితం కోసం పుట్టిన సెలవు చివరికి కాగితానికే మిగిలింది. డబ్బు మాత్రం దీపావళి రాత్రి కూడా కదులుతుంది. అది ఆగకుండా చూడ్డానికి ఆన్‌కాల్‌లో కూర్చునేది ఎవరు? మనమే. 25వ సెక్షన్ మనకేమీ చెయ్యదు. మనకి అక్కరకొచ్చేది ఆ 1974 నాటి చట్టం. కాబట్టి బ్యాంకు వాళ్ళ సెలవుల పట్టిక చూసి కుళ్ళుకోవడం మానేసి, పండగ సెలవునాడు పనిచేసినందుకు బదులు సెలవు అడుగుదాం. అది మేనేజరు గారి దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు.