సరంగు లేని పడవ

1949 జనవరి 1. ఐర్లండ్ నుంచి అట్లాంటిక్ దాటుకుంటూ వచ్చిన ఓ పాత స్కూనర్ కరీబియన్ దీవి ఆంటిగ్వాలో, ఇంగ్లిష్ హార్బర్ అనే రేవులో లంగరు దించింది. ఓడ పేరు మోలీహాక్. నడిపినాయన వెర్నన్ నికల్సన్, బ్రిటిష్ నౌకాదళంలో కమాండర్‌గా చేసి రిటైరైన మనిషి. వెంట భార్య ఎమీ, ఇద్దరు కొడుకులు రాడ్నీ, డెస్మండ్. ఆస్ట్రేలియా పోదామని ఇల్లు వదిలిన కుటుంబం అది. కాస్త ఆగి పోదామనుకున్న చోట ఉండిపోయారు.

వాళ్లు దిగిన రేవులో మనిషి అలికిడి లేదు. ఒకప్పుడు బ్రిటిష్ యుద్ధనౌకలు కిక్కిరిసిన ఆ డాక్‌యార్డును నౌకాదళం 1889లో మూసేసి వెళ్లిపోయింది. అరవై ఏళ్లుగా తుపానులు కప్పుల్ని ఎగరగొడుతుంటే, పిచ్చిచెట్లు గోడల్ని చీల్చుకుని పైకొస్తున్నాయి. నికల్సన్ కుటుంబం ఆ శిథిలాల్లోనే ఓ కట్టడాన్ని బాగుచేసుకుని కాపురం పెట్టింది.

దీవిలో మరో మూల, మిల్ రీఫ్ అనే చోట, డబ్బున్న అమెరికన్లు తమకోసం ఓ క్లబ్బు కట్టుకున్నారు. అక్కడి అతిథులకు రేవులో ఉన్న తెరచాప ఓడ సంగతి తెలిసింది. డబ్బిస్తాం, దీవుల చుట్టూ తిప్పుతారా అని కమాండరును అడిగారు. ఆయన సరేనన్నాడు. ఆ ప్రయాణానికి గిరాకీ పెరిగింది. ఒక్క మోలీహాక్‌తో తీరదని తేలాక, సముద్రాలు తిరుగుతూ ఆ రేవుకు చేరే ఇతర యాట్ల యజమానుల్ని కూడా కూడగట్టి నికల్సన్ ఏజెంటయ్యాడు. సెలవులకు యాట్ అద్దెకు తీసుకుని ఉష్ణమండల దీవుల మధ్య తిరిగే వ్యాపారం కరీబియన్‌లో ఇలా నిలదొక్కుకుంది. ఆంటిగ్వా నుంచి తెరచాప ఎత్తి దక్షిణానికి తిరిగితే ముందుగా ఎదురయ్యే పెద్ద దీవి గ్వాడెలూప్. 1854 నుంచి ఫ్రెంచివాళ్లు అక్కడి చెరకు తోటల్లోకి మన తీరం నుంచి కూలీలను ఓడల్లో తీసుకెళ్లి దించారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ప్రయాణం ఎవరికీ సెలవు కాదు.

ఇంగ్లిష్ హార్బర్ కథ కూడా సెలవులతో మొదలైంది కాదు. చుట్టూ కొండలు, సన్నటి మూతి, లోపల ఒంపులు తిరిగిన నీళ్లు. ఎంత తుపానొచ్చినా లోపలున్న ఓడకు పెద్ద ప్రమాదం ఉండదు. పైగా బ్రిటన్‌కు అక్కడ ఇంకో అవసరం ఉండేది. వెచ్చటి నీళ్లలో నెలల తరబడి తిరిగిన కొయ్య ఓడకు అడుగున నాచు, గుల్లలు పడతాయి. ఓడపురుగు చెక్కను తొలిచేస్తుంది. గీకి బాగుచేయడానికి ఓడను ఒడ్డుకు తెచ్చి, ఫిరంగులూ సామానూ దించేసి, తెరచాప కొయ్యలకు కట్టిన మోకుల్ని ఒడ్డునున్న పెద్ద రాట్నాలకు చుట్టి, మనుషులు చుట్టూ తిరుగుతూ తోస్తుంటే ఓడ మెల్లగా ఓ పక్కకు ఒరిగేది. ఒక పక్క అయ్యాక రెండో పక్క. ఈ పని కోసం ఇంగ్లండ్ దాకా వెళ్లి రావాలంటే నెలలు పట్టేది. ఈలోగా ఫ్రెంచివాళ్లు చక్కెర దీవుల్ని ఎత్తుకుపోతారు. అందుకే 1720ల్లో డాక్‌యార్డు మొదలైంది. ఆ రాట్నాల్లో కొన్ని ఇప్పటికీ ఒడ్డున నిలబడి ఉన్నాయి. పర్యాటకులు వాటిని పట్టుకుని ఫొటోలు దిగుతారు.

రాట్నాలు తిప్పిందీ, కొండ తొలిచిందీ, రాయి మోసిందీ ఆఫ్రికన్ బానిసలు. తోటల యజమానులు తమ మనుషుల్ని పంపితే కట్టడం లేచింది. తర్వాత నౌకాదళమే వాళ్లతో పని చేయించుకుంది. వడ్రంగం, కమ్మరం, తెరచాపలు కుట్టడం, ఓడ పలకల సందుల్లో నార కూరి కీలు పూయడం, అన్నీ వాళ్లే నేర్చి చేశారు. 1744 మార్చి 8న ఇక్కడ మందుగుండు పేలి ఎనిమిది మంది ఆఫ్రికన్లు చనిపోయారు. ఇప్పుడు పాత జమా ఖర్చు పుస్తకాల్లోంచి ఆ పనివాళ్ల పేర్లు ఏరి కూర్చే ప్రాజెక్టుకు ఆ తేదీనే పేరుగా పెట్టారు. అయితే డాక్‌యార్డు మాత్రం నెల్సన్ పేరునే మోస్తోంది. పాతికేళ్ల వయసులో, 1784లో, బోరియస్ అనే యుద్ధనౌకకు కెప్టెన్‌గా వచ్చి మూడేళ్లున్నాడు నెల్సన్. అమెరికన్ ఓడలతో వర్తకం కూడదన్న చట్టాన్ని పట్టుబట్టి అమలు చేసి, దీవుల వర్తకులందరి కోపానికీ గురయ్యాడు. వాళ్లు దావా వేస్తే అరెస్టవుతానని వారాల తరబడి ఓడ దిగకుండా కూర్చున్నాడు. ఈ రేవును ఉత్తరాల్లో తిట్టిపోశాడు. ఇక్కడ చెమటోడ్చి చనిపోయినవాళ్లను కాదని, ఇక్కడి నుంచి ఎప్పుడు బయటపడదామా అని చూసినవాడి పేరు పెట్టడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు దాన్ని ‘ఆంటిగ్వా నౌకాదళ డాక్‌యార్డు’ అన్నారు. అదే నయం.

శిథిలాలు అలాగే ఉంటే ఈ కథ ఉండేది కాదు. 1951లో అప్పటి గవర్నర్ కెన్నెత్ బ్లాక్‌బర్న్ పూనికతో మరమ్మతుల కోసం ఒక సంఘం ఏర్పడింది. 1961లో డాక్‌యార్డును మళ్లీ తెరిచారు. ఒకప్పుడు కీలు, టర్పెంటైన్, సీసం నిల్వచేసిన కొట్టు ఇప్పుడు అడ్మిరల్స్ ఇన్ అనే హోటల్. పక్కనే తెరచాపలు కుట్టే మేడ ఉండేది. కప్పూ పై అంతస్తూ పోయి లావుపాటి రాతి స్తంభాలు మాత్రం వరసగా మిగిలాయి. నికల్సన్ కొడుకు డెస్మండ్ పడవల వ్యాపారంలో ఉంటూనే మట్టి తవ్వి పెంకులు ఏరుకుంటూ పురావస్తు పరిశోధకుడిగా మారి, ఆంటిగ్వా మ్యూజియానికి ఆద్యుడయ్యాడు.

నికల్సన్ నాటి చార్టర్‌లో, అంటే యాట్ అద్దెలో, ఓడతోపాటు కెప్టెన్, వంటమనిషి, కళాసీలు కూడా వచ్చేవారు. అతిథి పని కుర్చీలో కూర్చోవడమే. అది బాగా డబ్బున్నవాళ్ల సరదా. మధ్యతరగతి అమెరికన్‌కు ఆ సముద్రాన్ని అందుబాటులోకి తెచ్చింది మాత్రం ఫైబర్ గ్లాస్. కొయ్య పడవంటే నిత్యం చాకిరీ, అలవాటు లేనివాడి చేతికిస్తే నెలకే పాడవుతుంది. అచ్చులో పోసి తీసిన ఫైబర్ గ్లాస్ పడవకు ఓడపురుగు బెడద లేదు, ఒకటి చూసి నేర్చుకుంటే మిగతావన్నీ అలాంటివే. 1959 న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ కంపెనీ పెట్టిన ట్రైటన్ అనే పడవకు జనం ఎగబడ్డారు. పదేళ్లు తిరిగేసరికి, 1969లో, చార్లీ, జిన్నీ కేరీ దంపతులు అదే కంపెనీ తయారు చేసిన ఆరు ‘పియర్సన్ 35’ పడవలతో బ్రిటిష్ వర్జిన్ దీవుల్లోని టోర్టోలాలో ‘ది మూరింగ్స్’ పెట్టారు. జాక్ వాన్ ఓస్ట్ అనే దంతవైద్యుడు కూడా దాదాపు అదే కాలంలో ఇలాంటి కంపెనీనే మొదలుపెట్టాడు. పద్ధతి పేరు బేర్‌బోట్. పడవ ఇస్తారు, సరంగును ఇవ్వరు. గంటకింతని సైకిల్ అద్దెకిచ్చినట్టు, వారానికింతని పడవ ఇవ్వడం.

ఆంటిగ్వాను వదిలి వీళ్లంతా వర్జిన్ దీవులకే ఎందుకు ఎగబడ్డారో మ్యాపు చూస్తే అర్థమవుతుంది. ఆంటిగ్వా నుంచి ఏ దీవికి పోవాలన్నా మధ్యలో మహాసముద్రపు కెరటాలు. బ్రిటిష్ వర్జిన్ దీవులు చిన్నా చితకా కలిపి అరవై దాకా ఉంటాయి, మొత్తం వైశాల్యం 153 చదరపు కిలోమీటర్లు. రెండు వరసలుగా తీరిన దీవుల మధ్య సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్. ఇక్కడ బయల్దేరితే అక్కడి దీవి కంటికి కనిపిస్తూనే ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా, స్కూల్లో వ్యాపార పవనాలని చదువుకున్న ఆ ఈశాన్యగాలి దాదాపు వదలకుండా వీస్తుంది. పెద్ద కెరటాలను దీవులు కాచుకుంటాయి. కొత్తవాడు తప్పు చేసినా సముద్రం మన్నించే చోటు అది.

ఆ దీవుల చరిత్ర అంత మెత్తనిది కాదు. 1834లో బానిసత్వం పోయింది, ఆ తర్వాత చెరకు దివాలా తీసింది. 1853లో పశువుల మీద పన్ను పెంచితే జనం తిరగబడి రాజధాని రోడ్ టౌన్‌ను తగలబెట్టారు. తోటల దొరలు చాలామంది పెట్టేబేడా సర్దుకున్నారు. వాళ్లు వదిలిపోయిన భూమి మెల్లగా పాత బానిసల పిల్లల చేతుల్లోకి వచ్చింది. వందేళ్లు వాళ్లు కొండవాలులో ఇంత పండించుకుని, చేపలు పట్టుకుని, సొంతంగా కట్టుకున్న చిన్న తెరచాప పడవల్లో పశువులూ బొగ్గూ వేసుకుని సెయింట్ థామస్ దీవి సంతకు పోయి బతికారు. అక్కడ తెరచాప ఎత్తడం టూరిస్టులు నేర్పిన విద్య కాదు.

1964లో లారెన్స్ రాక్‌ఫెలర్ వర్జిన్ గోర్డా దీవిలో లిటిల్ డిక్స్ బే హోటల్ తెరిచాడు. ఆ వెనకే బయటి డబ్బు పెద్ద ఎత్తున దిగింది. కెన్ బేట్స్ అనే బ్రిటిష్ వ్యాపారి (ఫుట్‌బాల్ అభిమానులకు తెలిసినవాడే, 1982లో చెల్సీ క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నాడు) రోడ్ టౌన్ ముందున్న వికమ్స్ కే దగ్గర సముద్రాన్ని పూడ్చి ఊరు కడతానన్నాడు. దానికీ, అనెగాడా దీవిలో అత్యధిక భాగానికీ ప్రభుత్వం అతనికి 199 ఏళ్ల లీజు రాసిచ్చింది. 199 ఏళ్లంటే ఆరేడు తరాలు. నోయెల్ లాయిడ్ అనే స్థానికుడు 1968లో పాజిటివ్ యాక్షన్ మూవ్‌మెంట్ పేరుతో జనాన్ని వీధుల్లోకి తెచ్చాడు. వలస ప్రభుత్వం ఊహించని నిరసన అది. చివరికి బ్రిటన్ ఇచ్చిన అప్పుతో ఆ హక్కుల్ని బేట్స్ నుంచి ప్రభుత్వం తిరిగి కొనాల్సి వచ్చింది. మన నేలను మనకే అమ్మి సొమ్ము చేసుకున్నాడని గొణిగినవాళ్లు ఉండే ఉంటారు. అయినా నేల దక్కింది. ఇవాళ రోడ్ టౌన్‌లో లాయిడ్ పేరుతో పార్కు ఉంది. సముద్రం పూడ్చిన ఆ వికమ్స్ కేలోనే ఇప్పుడు మూరింగ్స్ రేవు. విమానం దిగి నేరుగా అక్కడికి చేరే అతిథుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

బేర్‌బోట్ తీసుకునే తంతు ఇలా ఉంటుంది. ఇదివరకు ఎక్కడ, ఎంత పొడవు పడవ, ఎన్ని రోజులు నడిపారో రాసి ముందే పంపాలి. డిపాజిట్ కట్టాలి. బయల్దేరే రోజు కంపెనీ మనిషి మ్యాపు పరిచి వెళ్లకూడని చోట్లు చూపిస్తాడు. చీకటి పడ్డాక నడపకూడదు. అనెగాడా ముందున్న హార్స్‌షూ రీఫ్ దాదాపు 29 కిలోమీటర్ల పొడవు. దీవి ఎత్తు తొమ్మిది మీటర్లకు మించదు కాబట్టి దూరం నుంచి నేల కనిపించదు, పగడపు దిబ్బ తగిలేసరికి ఆలస్యమైపోతుంది. అక్కడ మునిగిన ఓడలకు లెక్కలేదు. చాలా ఏళ్లు బేర్‌బోట్లను అటు పోనివ్వలేదు. ఎక్కడపడితే అక్కడ లంగరు వేస్తే అడుగునున్న పగడాలు నుగ్గవుతాయి. అందుకని చాలా చోట్ల నీళ్లలో తేలే బుడ్లు కట్టారు, వాటికే పడవను కట్టుకోవాలి. ఇదే అసలు పరీక్ష. గాలికి ఎదురుగా మెల్లగా పోనిస్తూ ఒకరు చుక్కాని దగ్గర, ఇంకొకరు కొక్కెం కర్ర పట్టుకుని ముందు భాగాన బోర్లా పడుకుని. బుడ్డి అందినట్టే అంది పడవ కిందకు జారిపోతుంది. మళ్లీ చుట్టి రావాలి. పక్క పడవల్లోవాళ్లు గ్లాసులు పట్టుకుని ఈ వినోదం చూస్తుంటారు. సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు ఆ రేవుల్లో భార్యాభర్తలు అరుచుకోవడం ఆనవాయితీ.

పడవలు చాలావరకు కంపెనీవి కూడా కావు. ఎక్కడో అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మనిషి కొని కంపెనీకి అప్పగిస్తాడు. అయిదేళ్లపాటు కంపెనీ అద్దెకు తిప్పి అతనికి ఇంత ఇస్తుంది, ఏడాదికి కొన్ని వారాలు అతనూ వచ్చి తిరుగుతాడు. తర్వాత పడవ సెకండ్ హ్యాండ్ బజారుకు పోతుంది.

జూన్ నుంచి నవంబరు దాకా తుపాను కాలం. ఈ దీవుల్లో ఒకటైన సాల్ట్ ఐలండ్ పక్కన నీళ్లలోకి దూకితే, 1867 అక్టోబరు తుపానులో బండకు తగిలి రెండు ముక్కలైన ఆర్‌ఎంఎస్ రోన్ అనే ఆవిరి ఓడ ఇప్పటికీ కనిపిస్తుంది. వంద మందికి పైగా పోయారు. చల్లటి సముద్రపు నీళ్లు కాగుతున్న బాయిలర్లను తాకగానే అవి పేలాయి. నూటయాభై ఏళ్ల తర్వాత, 2017 సెప్టెంబరు 6న, గంటకు 285 కిలోమీటర్ల గాలితో ఇర్మా తుపాను నేరుగా టోర్టోలా మీదుగా పోయింది. ముందు జాగ్రత్తగా చార్టర్ పడవల్ని పారకీటా బే అనే మడ అడవి మధ్య రేవులో ఒకదానికొకటి కట్టి ఉంచారు. తెల్లవారి చూస్తే తిరగబడి, గుట్టలుగా ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. తాళ్లు బాగానే కట్టారు, గాలి ఆ లెక్కలకు లొంగలేదంతే. ఇళ్లు పోయినవాళ్లే పడవలు లేపే పనిలో చేరారు. అద్దెలు లేకపోతే దీవికి జీతాలు లేవు మరి. ఏడాది తిరక్కముందే కొత్త పడవలు వచ్చి అద్దెలు మళ్లీ మొదలయ్యాయి.

నేల ఎవరిదన్న గొడవ ఒకప్పుడు తేలింది కానీ, నీళ్ల మీద సంపాదన ఎవరిదన్నది ఇంకా తేలలేదు. కనుచూపు మేరలో ఉన్న అమెరికా వర్జిన్ దీవుల నుంచి చార్టర్ పడవలు అతిథుల్ని ఎక్కించుకుని వచ్చి, వీళ్ల రేవుల్లో తిరిగి, డబ్బు అక్కడే లెక్కపెట్టుకుంటాయి. 2025లో బ్రిటిష్ వర్జిన్ దీవుల ప్రభుత్వం బయటి పడవల ఫీజులను భారీగా పెంచింది. ఇది మా పొట్ట కొట్టడమేనని అటు వ్యాపారులు మండిపడ్డారు. ఇన్నాళ్లూ మీరు చేసింది అదేగా అని ఇటు జవాబు.