కోరంగి రేవు నుండి అగ్నిపర్వత ద్వీపమునకు

ముంచింగిపుట్టు కొండలపై నడచువారి కాళ్లకు ఎఱ్ఱమట్టి అంటుకొనును. ఆ మట్టి ఒకప్పుడు రాయి. ఖోండలైటు అను ఆ శిలలోని సిలికాను లక్షల ఏండ్ల వానలు కడిగివేయగా ఇనుము, అల్యూమినియము మిగిలినవి. మన్యపు కొండలపై బాక్సైటు ఏర్పడినది ఇట్లే. సముద్రమునకు ఆవల మన తెలుగువారు నివసించు మారిషస్ ద్వీపమునను ఇట్టి వింత కలదు. అచ్చటి శామరేల్ గ్రామము చెంత ఎఱుపు, గోధుమ, ఊదా రంగుల మట్టిదిబ్బలను చూడవచ్చును. అచ్చటి మూలశిల మాత్రము వేఱు. అది లావా గడ్డకట్టి యేర్పడిన బసాల్టు. రాతిని మట్టిగా మార్చిన విధము ఒక్కటే.

ఆ లావా కథ మనకు దూరమైనది కాదు. భూమి లోతులలో ఒక ఉష్ణస్థానము కలదనియు, దానిమీదుగా భూఫలకములు మెల్లగా జరుగుచుండుననియు భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దీపముపై కాగితమును జరుపుచున్నచో వరుసగా మసి మచ్చలు పడును గదా! అట్లే సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రితము దక్కను పీఠభూమిని కప్పిన లావా ఈ ఉష్ణస్థానము వలననే వెలువడెను. ఆదిలాబాదు ప్రాంతపు బసాల్టు, రాజమహేంద్రవరము చెంత కాటేరులోని నల్లరాయి ఆ కాలమునకు చెందినవే. భారతదేశము ఉత్తరమునకు జరిగిపోయిన చాల కాలమునకు, సుమారు 80, 90 లక్షల ఏండ్ల క్రితము, మారిషస్ సముద్రముపై తల యెత్తెను. నేడు ఆ నిప్పు పొరుగున గల రీయూనియన్ ద్వీపములో మండుచున్నది.

బానిసత్వము రద్దయిన పిదప, 1834 నుండి, ఆంగ్లేయులు మారిషస్ చెఱకు తోటలకు మన దేశమునుండి ఒప్పంద కూలీలను పెద్దయెత్తున రప్పించిరి. గోదావరి ముఖమున గల కోరంగి రేవును బట్టి అచ్చటి తెలుగువారికి కోరంగివారను పేరు వచ్చెను. చెఱకు నాటుటకు ముందు నేలపై పఱచుకొనిన బసాల్టు రాళ్లను ఏరివేయవలెను. కూలీలు చేతులతో పేర్చిన రాళ్లగుట్టలు నేటికిని పొలముల నడుమ కనబడుచున్నవి. గోదావరి యొడ్డున తాము విడిచివచ్చిన నల్లరాతికి చుట్టమైన రాతినే తాము మోయుచున్నామని పాపము వారెఱుగరు.

ఈ ద్వీపపు తీరమును కాపాడునది పగడపు గోడ. 1836లో బీగిల్ నౌకపై వచ్చిన చార్లెస్ డార్విన్ దానిని పరిశీలించెను. సుమారు 150 కిలోమీటర్ల పొడవున పెరిగిన ఈ గోడపై అలలు విరుగుటచే లోపలి నీరు చెఱువువలె నిశ్చలముగా నుండును. మంచినీరు, ఒండ్రు వచ్చి చేరు నదీముఖములలో పగడములు పెరుగవు. అచ్చట గోడకు గండ్లు కలవు. దక్షిణమున గ్రీగ్రీ వద్ద గోడయే లేనందున కెరటములు నేరుగా నల్లని కొండచరియలను మోదుచుండును.

కోరంగిది పల్లపు ఒండ్రు నేల. దానికి పగడపు గోడ లేదు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన ఆ రేవును ధ్వంసము చేసెను. నేడు అచ్చటి తీరమునకు మడ అడవులే అండ. మారిషస్ గోడకును అపాయము తప్పలేదు. 2020 జూలై 25న వకాషియో అను ఓడ పగడపు గట్టునకు తగులుకొనగా, ఆగస్టులో సుమారు వేయి టన్నుల చమురు తీరజలములలో కలిసెను. సూక్ష్మజీవులవంటి చిన్న ప్రాణులు వేల ఏండ్లు శ్రమించి కట్టిన గోడను మనుష్యుడు ఒక్క రాత్రి ఏమరుపాటుతో చెఱుపగలడు. తిరిగి కట్టుట మాత్రము అతనికి చేతకాదు. మన మడ అడవుల విషయమునను ఈ మాట గుర్తుంచుకొనదగినది.