ఒక ఇల్లు, రెండు పేర్లు

ఈ ఏడాది మా సంఘంలో ఎక్కువ రోజులు మాట్లాడింది పొదుపు గురించి కాదు, ఒక ఇంటి గురించి. మా సభ్యులు ఇద్దరు, పెళ్లి చేసుకోని వాళ్లు, చుట్టాలు కూడా కాదు, ఇద్దరి పేర్ల మీద ఇల్లు కొని, కలిసి బ్యాంకు లోను తీసుకున్నారు. ఇప్పుడు ఒకామె తల్లిని చూసుకోవడానికి ఊరు వెళ్లిపోయింది. ఇల్లు ఎవరిది, అప్పు ఎవరిది అన్న పంచాయితీ మా దగ్గరికొచ్చింది. అది తేల్చబోతేనే పాత చట్టాల సంగతి తెలిసింది.

మన అమ్మమ్మల కాలంలో చాలా ఇళ్లలో ఈ తగువే లేదు. కాగితంలో ఆడవాళ్ల పేరుంటే కదా! 1937 చట్టం భర్త పోయినామెకు వాటా ఇచ్చింది గానీ, అది బతికున్నన్నాళ్లు అనుభవించడానికే. 1956లో హిందూ వారసత్వ చట్టం దాన్ని పూర్తి హక్కు చేసింది. కానీ అందులోనే 23వ సెక్షను మెలిక పెట్టింది. కుటుంబం ఉంటున్న ఇంటిని మగ వారసులు పంచుకుందామనే దాకా కూతురు పంపకం అడగకూడదు. పెళ్లికాని కూతురికి, భర్త వదిలేసినామెకు, భర్త పోయినామెకు ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రమే. ఉండనిస్తారు, పంచమంటే ఊరుకోరు.

మన రాష్ట్రంలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు రాలేదు. మా సంఘంలో పెద్దక్కలు అలా తప్పిపోయినవాళ్లే, ఇప్పటికీ ఆ మాటెత్తితే బాధపడతారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లి తేడా పోయింది, 23వ సెక్షనూ పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవన్నీ కుటుంబ ఆస్తికి. మా ఇద్దరిదీ సొంతంగా కొన్న ఇల్లు, కాబట్టి ఇంగ్లీషు దొరల కాలం చట్టాలే దిక్కు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం కలిసి చేసిన అప్పు మొత్తం ఏ ఒక్కరి దగ్గరైనా వసూలు చేయొచ్చు. కట్టినామె రెండో ఆమె వాటా తర్వాత అడుగుతుంది. మన గ్రూపు లోనులాగే కదా. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నా సగం అప్పు కట్టేస్తా, నా సగం ఇల్లు తనఖా నుంచి వదిలెయ్యండి అంటే బ్యాంకు ఒప్పుకోనక్కర్లేదు. 1893 విభజన చట్టం ప్రకారం ఇల్లు పంచడానికి వీలు కాకపోతే, సగం వాటా ఉన్నామె అడిగితే కోర్టు అమ్మించగలదు. రెండో ఆమె విలువ కట్టించుకుని తానే కొనుక్కోవచ్చు. రెండు గదుల ఇల్లు, ఒకటే బాత్రూము. మధ్యలో గోడెక్కడ కడతాం?

కోర్టు దాకా వద్దని లెక్క వేశాం. ఇంటి విలువ 11,00,000, మిగిలిన అప్పు 3,60,000. పోగా 7,40,000, తలా 3,70,000. ఉన్నామె 14 నెలలు వాయిదా 6,000 ఒక్కతే కట్టింది, అందులో సగం 42,000 రావాలంది. వెళ్లినామె, ఆ నెలల్లో నా గది కూడా నువ్వే వాడావు కదా అంది. న్యాయమే. నెలకు 1,250 చొప్పున 17,500 తీశాం. చివరకు వెళ్లినామెకు 3,45,500.

అసలు ఇబ్బంది బ్యాంకు దగ్గర. ఒక్కరి ఆదాయం చాలదన్నారు. తమ్ముడు తోడు సంతకం పెడతా, కానీ ఇంటి కాగితంలో నా పేరూ ఉండాలన్నాడు. ఆమె ఆ రాత్రి ఏడ్చింది, ఒప్పుకోలేదు. ఆఖరికి వాళ్లక్క జామీను మాత్రమే ఉంది. డబ్బుకు నగలు కుదువ పెట్టింది, మిగతాది సంఘంలో అప్పు తీసుకుంది.

మా తీర్మానం కోర్టు కాగితం కాదు, అందుకే ఒక్క విషయంలో గట్టిగా నిలబడ్డాం. లోనులోంచి పేరు తీసేశామని బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చి, డబ్బు చేతికొచ్చేదాకా హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టొద్దని వెళ్లినామెకు చెప్పాం. సంతకం ముందు పెడితే ఇల్లు పోయి అప్పు మాత్రం మిగిలేది. మూడూ ఒకే రోజు జరిగాయి. బంధువులు కాదు కాబట్టి స్టాంపు ఖర్చు ఎక్కువే అయింది, చెరి సగం పెట్టుకున్నారు. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఇంకా రెండు పేర్ల మీదే ఉన్నాయి, వచ్చే నెల వెళ్లాలి.