ఏ నీళ్లల్ల దిగినవ్?

1980ల నడిమి ఒక వానకాలం. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన ఒక చిన్న దవాఖానా. బయట బెంచీ నిండిపోయి, నిలబడ్డవాళ్లు గోడకు చేరగిలపడ్డారు. లోపల ఒక రైతు పంచె పైకి మడిచి కాళ్లు చూపిస్తున్నాడు.

"ఒళ్లు మండుతది సారూ. గోకితే నీళ్లు గారుతయ్."

"ఎన్ని దినాల సంది?"

"రెండేండ్లాయె. పోయినసారి మీరిచ్చిన మలాము రాస్తే తగ్గింది. నాట్లప్పుడు మల్ల లేసింది."

డాక్టరు చీటీ మీద మలాము పేరు రాయబోయి ఆగాడు. కిందికి వంగి ఆ కాళ్లను మళ్లీ చూశాడు. పుండ్లన్నీ మోకాలి కిందనే ఉన్నాయి. మోకాలి పైన చర్మం శుభ్రంగా ఉంది. బురద ఎక్కడి దాకా వచ్చిందో జబ్బు కూడా అక్కడి దాకానే వచ్చింది.

"ఏ నీళ్లల్ల దిగినవ్?"

"మా కిష్టారెడ్డిపేట చెరువు నీళ్లే సారూ. ఇదివరకు మంచిగనే ఉండె. ఇప్పుడు నురుగస్తున్నది. బర్లు మూతి పెట్టి ఎనకకస్తున్నయ్."

"ఇంట్ల ఇంకెవలికన్న ఉన్నదా?"

"మా ఇంటిదానికి చేతులకు. నాటేసే ఆడోళ్లందరికి గట్లనే ఉన్నది."

ఈ గదిలోని మాటలను ఎవరూ రాసి పెట్టలేదు. ఆ కాలంలో ఈ ఊళ్ల జనం చెప్పుకున్న బాధలను ఒక్క రైతు నోట పెట్టి కూర్చిన సన్నివేశమిది. ఇక్కడి నుంచి చెప్పేదంతా జరిగినదే.

ఆ రైతు తొక్కిన నీటి దారి ముందు తెలియాలి. మెదక్ వెనకబడిన జిల్లా అని రాయితీలిచ్చి 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పారిశ్రామికవాడలు నిలబెట్టారు. మందులకు ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ కంపెనీలు వరసగా వచ్చాయి. ఉద్యోగాలొచ్చాయి. మందులు చవకయ్యాయి. దేశంలోనూ బయటా కోట్ల మంది ఆ మందులతో బతికారు. ఇదంతా నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. కానీ మందు తీసుకున్నాక మిగిలిన నీళ్లు ఎక్కడికి పోవాలన్నది ఎవరూ ముందుగా తేల్చుకోలేదు. నీళ్లు పల్లానికి పోయాయి. బొల్లారం వైపు వ్యర్థజలం అసానికుంటలో పడి, అక్కడి నుంచి కిష్టారెడ్డిపేట చెరువులోకి దిగింది. కాజిపల్లి, గండిగూడెం చెరువులదీ అదే గతి. ఇసుకవాగు, నక్కవాగు ఆ విషాన్ని మోసుకుపోయి మంజీరలో కలిపాయి. హైదరాబాద్ తాగునీటికి ఆధారమైన మంజీర అదే. తరతరాలుగా పొలం తడిపిన గొలుసుకట్టు చెరువుల వరసే విషాన్ని ఊరి నుంచి ఊరికి అందించింది.

పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు దగ్గరికి ఈ ఊళ్ల జనం వచ్చేవారు. ఈ ఫ్యాక్టరీల పక్కన ఆయన ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేశారు. చీటీ రాసి పంపించి ఉంటే ఆయన కథ ఇక్కడ చెప్పుకోవలసిన పనిలేదు. రోగుల వెనకాలే ఆయన వాగు దాకా నడిచారు. రైతులతో కలిసి అధికారుల గడప తొక్కారు, కోర్టు పోరాటాలకు తోడుగా నిలిచారు. నీళ్లు చూడటానికి దూరదేశాల నుంచి వచ్చిన విలేకరులకు ఈ కథను విసుగులేకుండా మళ్లీ మళ్లీ చెప్పారు.

ఇలాంటి వైద్యానికి పేరేమిటి? అమెరికాలో దీనికి దగ్గరగా వచ్చే ఒక వైద్య విధానం ఉంది. దాని పేరు ఆస్టియోపతి. అమెరికాలో ఎం.డి. సీటు కాకుండా డి.ఓ. సీటు వచ్చిందని పిల్లలు ఫోన్ చేస్తే, అదేదో తక్కువ చదువని బెంగపడే తల్లిదండ్రులు తెలుగు ఇళ్లలో ఉన్నారు. బెంగ అక్కర్లేదు. అక్కడ డి.ఓ. అంటే పూర్తి హక్కులున్న డాక్టరే. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. ఇప్పుడు ఆ దేశంలో వైద్యం చదివే ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఈ దారిలోనే ఉన్నారు. అదనంగా వాళ్లు నేర్చేది చేతులతో కండరాలను, కీళ్లను పరీక్షించి సరిచేసే విద్య. యూరప్‌లో ఇదే పేరుతో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు కారు. ఈ తేడా తెలియకనే చాలా గందరగోళం.

ఆ విద్యకు మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1828లో వర్జీనియాలో పుట్టాడు. 1864లో వెన్నుపాము పొరలకు వచ్చే మెనింజైటిస్ ఆయన ముగ్గురు పిల్లల్ని మింగేసింది. తానే వైద్యుడు, అయినా కాపాడుకోలేకపోయాడు. పాదరసం, నల్లమందు లాంటి ఆనాటి మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. 1874 జూన్ 22న తన కొత్త వైద్యాన్ని ప్రకటించాడు. 1892లో మిసోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. ఎముకలూ వెన్నూ సరిగ్గా కుదిరితే జబ్బులన్నీ సర్దుకుంటాయన్న ఆయన నమ్మకాన్ని కాలం ఒప్పుకోలేదు. నడుము నొప్పి వంటి వాటికి ఆ చేతి వైద్యం కొంత ఉపశమనం ఇస్తుందంతే. నిలిచింది ఇంకో మాట: మనిషి శరీరం, మనసు, ఆత్మ కలిసి ఒకటే, విడగొట్టి చూడొద్దు, బాగుపడే శక్తి శరీరంలోనే ఉంది, దానికి అడ్డు ఏమిటో వెతకడమే వైద్యుడి పని.

నాకు ఆస్టియోపతిలో గొప్పగా కనిపించేది ఆ వెతుకులాటే. అడ్డు ఏమిటని అడగడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న చర్మం దగ్గర ఆగదు. ఇంటికి పోతుంది, పనికి పోతుంది, పొలానికి పోతుంది. ఇది స్టిల్ కన్నా పాత ప్రశ్న కూడా. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాశాడు. పూర్వులు రోగిని అడగమన్న ప్రశ్నలకు తోడు 'నువ్వు చేసే పని ఏమిటి?' అని కూడా అడగాలని వైద్యులకు చెప్పాడు. మోకాలి కిందనే పుండ్లున్న రైతు ముందు కూర్చున్న డాక్టరుకు ఆ ప్రశ్న ఒక్కటీ చాలదు. వ్యవసాయం అని జవాబొస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. అందుకే నీళ్ల సంగతి అడగాలి.

అడిగితే ఏమవుతుంది? రుజువు చేయడం కష్టమవుతుంది. పదుల కంపెనీల నీళ్లు ఒకే చెరువులో కలిశాక, ఫలానా రైతు పుండుకు ఫలానా గొట్టమే కారణమని ఏ డాక్టరూ కోర్టులో ప్రమాణం చేయలేడు. ఈ ఊళ్లు ఆ గోడకు దశాబ్దాల పాటు తల బాదుకున్నాయి. 1990లో పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. నష్టాన్ని లెక్కగట్టే పని సంగారెడ్డిలోని జిల్లా జడ్జికి చేరింది. రైతులకు పరిహారం ఇప్పించారు, ఊళ్లకు మంచినీళ్లు ఇవ్వాలన్నారు. కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. వ్యాజ్యం పడ్డ ఏడాది పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై, వాళ్లకు పిల్లలు పుట్టారు. 2004లో గ్రీన్‌పీస్ సంస్థ మెదక్ జిల్లా ఊళ్ల ఆరోగ్యం మీద సర్వే నివేదిక ఇచ్చింది. కాలుష్యం సోకని ఊళ్లతో పోలిస్తే ఈ ఊళ్లలో జబ్బులు ఎక్కువని అది చెప్పింది.

ఈలోగా నీటిని శుద్ధి చేయడానికి 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నీళ్లు ట్యాంకర్లలో అక్కడికి చేరేవి. శుద్ధయి బయటికి వచ్చిన నీళ్లను స్వీడన్‌కు చెందిన యోకిం లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ అంకెల్ని నెమ్మదిగా చదవాలి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో దాని మోతాదు లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. అంటే జబ్బు మనిషి రక్తంలో కన్నా శుద్ధి చేసిన నీటిలోనే మందు ఎక్కువ. కొన్ని సూక్ష్మజీవులను చంపే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాట. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క ఆ కాలువలోంచే పోతోందని అంచనా. 90 వేల జనాభా ఉన్న పట్నంలో ప్రతి ఒక్కరికీ వైద్యం చేయడానికి అది సరిపోతుంది.

2009 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఈ కథను ప్రపంచానికి చేరవేసింది. బల్క్ డ్రగ్ తయారీదారుల సంఘం నాయకుడు ఆ అంకెలు తప్పన్నారు. ధనిక దేశాలు తమ నేలను కాపాడుకుంటూ, పేద దేశాల ప్రజల ఆరోగ్యం ఖర్చుగా మందులు దిగుమతి చేసుకుంటున్నాయన్నది కిషన్‌రావు ఆరోపణ. ముప్పై ఏళ్లు అవే పుండ్లకు కట్టుకట్టిన మనిషి మాట అది. దానికి నేను ఎక్కువ బరువిస్తాను.

అదే ఏడాది మరో అధ్యయనం ఈ ప్రాంతపు చెరువుల్లో, బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు పట్టుకుంది. 2014లో కాజిపల్లి చెరువు మీద ఇంకొకటి వచ్చింది. యాంటీబయాటిక్‌లకు లొంగకుండా చేసే జన్యువులు అక్కడి సూక్ష్మజీవుల్లో 81 రకాలు దొరికాయి. పోల్చడానికి తీసుకున్న స్వీడన్ చెరువులో దొరికినవి 8. మొత్తం మీద ఆ జన్యువుల సాంద్రత ఇక్కడ 7000 రెట్లు ఎక్కువ.

ఈ లెక్క దవాఖానాలో ఎలా కనిపిస్తుందో ఊహించండి. జ్వరంతోనో మూత్రంలో మంటతోనో వచ్చిన మనిషికి డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తాడు. అదే మందు రోజూ తిన్న సూక్ష్మజీవులు ఊరి చెరువులో ఉన్నాయి. వాటి మొండితనం మనుషుల్లోకి పాకితే ఆ మాత్ర పనిచేయదు. డాక్టరు ఇంకా ఖరీదైన మందుకు పోతాడు. చెరువును పట్టించుకోని వైద్యం ఇలా తన మందునే తాను పోగొట్టుకుంటుంది. రోగిని మొత్తంగా చూడాలన్నది ఇక్కడ పుస్తకాల్లోని మంచిమాట కాదు, మందు పనిచేయాలంటే తప్పని షరతు.

ఆ తర్వాత శుద్ధి చేసిన నీళ్లను నక్కవాగులో వదలకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి నగరం మురుగు కాలువలో కలిపారు. అక్కడి నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, ఆపైన మూసీకి. నక్కవాగు ఒడ్డు ఊళ్లకు కొంత ఊరట దక్కి ఉండవచ్చు. మూసీ కింద పొలాలు దున్నేవాళ్లను ఎవరూ సంప్రదించలేదు. చుక్క నీరు కూడా బయటికి వదలబోమని చెప్పే కంపెనీలు పెరిగాయి, అది మంచిదే. అయినా 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో 2 లక్షలకు పైగా చేపలు చచ్చి తేలాయి. దానికి ఒక ఏడాది ముందే, ఇదే జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఒక చెరువుకు దక్కిన శ్రద్ధ పక్క చెరువుకు ఎందుకు దక్కకూడదు?

చేయవలసిన పనులు చిన్నవే. సంగారెడ్డి జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ప్రైవేటు క్లినిక్‌లలో రోగి చీటీ మీద రెండు గడులు పెంచాలి: చేసే పని ఏమిటి, వాడే నీళ్లు ఎక్కడివి. వాటిని నెలకొకసారి ఊరి వారీగా లెక్కేస్తే, ఏ చెరువు కింద ఏ జబ్బు పెరుగుతోందో సర్వే సంస్థల కోసం ఎదురుచూడకుండానే తెలుస్తుంది. ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో లేచిన అపార్టుమెంట్ల బోర్లను ఈ.కోలి కోసం పరీక్షిస్తే సరిపోదు, మందుల ఆనవాళ్ల కోసమూ పరీక్షించాలని నివాసుల సంఘాలు పట్టుబట్టాలి.

ఇక పెద్ద పని ఢిల్లీ చేతిలో ఉంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నిబంధనలు తెచ్చింది. మందుల కంపెనీలు వదిలే నీళ్లలో 121 యాంటీబయాటిక్‌లు ఎంతకు మించకూడదో అందులో అంకెలతో రాశారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. వాటిని తిరిగి చేర్చమని మీ ఎంపీకి, ఎమ్మెల్యేకి, కాలుష్య నియంత్రణ మండలికి ఉత్తరం రాయండి. మీ ఊరి చెరువు పేరు, మీ ఇంటి బోరు లోతు అందులో తప్పకుండా రాయండి.